పొగ, మెదడు, మన జన్యువులు

(మస్కట్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ముందుగా ఒక మనవి. నేను వైద్యుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు, బతుకుతున్నది కంప్యూటర్ ప్రోగ్రాముల మీద. అయినా పొగతాగడం, మెదడులో కణితులు అనే విషయం మీద మాట్లాడతానని నిర్వాహకులను నేనే అడిగాను. దానికి నా చెవిన పడ్డ రెండు మాటలు కారణం.

మాకు తెలిసిన ఒక మిత్రుడికి నలభై రెండేళ్ళ వయసులో మెదడులో కణితి వచ్చింది. మనిషి ఏనాడూ సిగరెట్టు ముట్టి ఎరగడు. పరామర్శకు వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆయన భార్యను అడిగిన మొదటి ప్రశ్న, "బాగా కాల్చేవారా అమ్మా?" అని. ఆవిడ ప్రతివాళ్ళకీ కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు "లేదండీ, అలవాటే లేదండీ" అని చెప్పుకోవలసి వచ్చింది. ఇది మొదటి మాట. రెండోది మా ఆఫీసు మెట్ల దగ్గర రోజుకో ప్యాకెట్టు ఖాళీ చేసే మరో మిత్రుడిది. "మెదడు కణితికీ పొగకీ సంబంధం లేదని ఎక్కడో చదివాను గురూ, ఒక భయం తీరింది" అన్నాడు. ఒకే విషయం సగం సగం తెలిసి, ఒకచోట నిరపరాధిని బోనెక్కించింది, ఇంకోచోట అపాయంలో ఉన్నవాడికి ధైర్యమిచ్చింది. పూర్తి విషయం ఏమిటో ఈ అరగంటలో నాకు చేతనైనట్టు చెబుతాను.

మెదడులో కనిపించే కణితులు రెండు రకాలు. మెదడులోనే పుట్టినవి కొన్ని. ఒంట్లో మరెక్కడో పుట్టి రక్తంలో కొట్టుకొచ్చి మెదడులో స్థిరపడినవి కొన్ని. పెద్దవాళ్ళలో ఈ వలస వచ్చినవే ఎక్కువ. మనం వలస వచ్చినవాళ్ళం కాబట్టి ఈ సంగతి మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ఒమాన్‌లో ఇరవై ఏళ్ళున్నా మన పాస్‌పోర్టు మీద ఉండేది ఇండియా పేరే. అలాగే ఊపిరితిత్తుల్లో పుట్టి మెదడుకు చేరిన కణితి ఊపిరితిత్తుల క్యాన్సరే. సూక్ష్మదర్శినిలో చూసినా, జన్యువులు చదివినా ఆ పుట్టిల్లే బయటపడుతుంది. ఈ తేడా గుర్తుంటే మిగతా కథంతా సులువు.

ముందు మెదడులోనే పుట్టినవాటి సంగతి చూద్దాం. మెదడులో నాడీకణాలకు దన్నుగా ఉండే గ్లయల్ కణాల సంబంధమైన కణితులను గ్లయోమాలంటారు. వీటిలో అన్నిటికన్నా భయంకరమైనది గ్లయోబ్లాస్టోమా. మెదడు పైపొరల్లో పుట్టేవి మెనింజియోమాలు, వీటిలో చాలావరకు నెమ్మదస్తులు.

శాస్త్రజ్ఞులు పొగను అనుమానించడానికి కారణం లేకపోలేదు. సిగరెట్టు దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. పొగాకులో నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలున్నాయి. 1960లలో జర్మనీలో ఆ కుటుంబానికి దగ్గరి చుట్టమైన ఒక రసాయనాన్ని చూలు ఎలుకలకు ఇచ్చి చూస్తే, పుట్టిన పిల్లలకు మెదడులోనూ నరాల్లోనూ కణితులు వచ్చాయి. కాబట్టి అనుమానం సబబైనదే.

అయితే ఎలుకల్లో జరిగింది మనుషుల్లో జరుగుతోందా అన్నది లెక్క చూస్తేగాని తెలియదు. అమెరికాలో 1990ల మధ్యలో మొదలుపెట్టి దాదాపు 4 లక్షల 77 వేల మంది స్త్రీ పురుషుల అలవాట్లు రాసుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించారు. గ్లయోమా విషయంలో పొగ తాగేవాళ్ళకీ ఎన్నడూ తాగనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొన్ని చిన్న అధ్యయనాల్లో కొద్దిపాటి తేడా కనిపించినా, అన్నీ కలిపి చూస్తే పొగ గ్లయోమాకు కారణమని చెప్పేటంత బలం లేదు. మెనింజియోమా విషయంలో ఒక్కో అధ్యయనం ఒక్కో మాట చెబుతోంది.

మరి దేని వల్ల వస్తాయి? గట్టిగా రుజువైన బయటి కారణం ఒకటుంది, అది రేడియేషన్. ఇజ్రాయెల్‌లో 1948 నుంచి 1960 దాకా తలలో తామర వ్యాధికి చికిత్సగా దాదాపు 11 వేల మంది పిల్లల తలలకు ఎక్స్‌రే కిరణాలు పట్టించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళలో మెనింజియోమాలూ గ్లయోమాలూ మామూలు కంటే బాగా ఎక్కువగా వచ్చాయని 1988లో వెల్లడైంది. చాలా అరుదుగా కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తాయి. మిగిలిన చాలామంది విషయంలో ఇదీ కారణం అని వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ మా వృత్తి భాష కాస్త వాడుకోనివ్వండి. మన ప్రతి కణంలోనూ 300 కోట్ల అక్షరాల ప్రోగ్రాము ఒకటుంది, అదే డీఎన్ఏ. కణం రెండైనప్పుడల్లా ఆ పుస్తకమంతా తిరగరాయాలి. తప్పులు దిద్దే ఏర్పాటు కణంలోనే ఉంది, అది మా కంపెనీల్లో టెస్టింగు వాళ్ళకంటే ఎన్నో రెట్లు శ్రద్ధగా పనిచేస్తుంది. అయినా ఎక్కడో ఒక అక్షరం జారిపోతుంది. ఆ జారిన అక్షరం కణం పెరుగుదలకు బ్రేకు వేసే జన్యువులో పడితే ప్రమాదం. అలాంటివి కొన్ని ఒకే కణంలో పోగుపడితే క్యాన్సర్.

కంప్యూటర్ పాడైతే మేం ముందు చూసేది లాగ్ ఫైలు. ఎవరు వచ్చారు, ఏం మార్చారు అన్నది అందులో ఉంటుంది. డీఎన్ఏలోనూ అలాంటి లాగ్ ఉంటుంది. పొగలో బెంజోపైరీన్ అనే పదార్థముంది. అది ఊపిరితిత్తుల కణాల్లో పి53 అనే కాపలా జన్యువు మీద సరిగ్గా ఏ చోట్ల అతుక్కుంటుందో 1996లో కనిపెట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఆ జన్యువు ఎక్కువగా చెడిపోయి ఉన్న చోట్లు కూడా అవే. దొంగ వేలిముద్రా, పగిలిన తాళం మీది ముద్రా ఒకటే అయినట్టన్నమాట.

2016లో ఇంకా ముందుకు వెళ్ళి లెక్క కట్టారు. రోజుకొక ప్యాకెట్టు చొప్పున ఏడాది తాగితే ఊపిరితిత్తుల్లో ఒక్కో కణానికి సుమారు 150 మార్పులు, స్వరపేటికలో 97, గొంతులో 39, నోటిలో 23, మూత్రాశయంలో 18, కాలేయంలో 6. పొగ నేరుగా సోకేచోట దెబ్బ ఎక్కువ, రక్తం ద్వారా వెళ్ళేచోట తక్కువ.

పొగ తగిలిన చోటే కాటేస్తుందని మనవాళ్ళ కథే సాక్ష్యం చెబుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీలో శ్రీకాకుళం, విశాఖ జిల్లాలవాళ్ళకు తెలిసే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో ఒక పరిశోధన ప్రచురించారు. అంగిట్లో వచ్చే మచ్చలూ పుండ్లూ క్యాన్సర్లూ ఆ అలవాటుతో ముడిపడి ఉన్నాయని ప్రపంచానికి తెలిసింది మన పల్లెల నుంచే. మామూలుగా అంగిట్లో క్యాన్సర్ అరుదు. నిప్పు అంగిలికి దగ్గరయింది కాబట్టి అక్కడ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. గ్లయోమాల డీఎన్ఏ చదివితే పొగ సంతకం కనబడదు. అందులో ప్రధానంగా కనిపించేవి వయసుతోపాటు ప్రతి మనిషిలోనూ పేరుకునే గుర్తులే. జనాభా లెక్కలూ డీఎన్ఏ లాగూ ఒకే మాట చెబుతున్నాయి. అంచేత మెదడులో పుట్టిన కణితితో ఎవరైనా మంచాన పడితే, వాళ్ళ ఇంటికి వెళ్ళి సిగరెట్ల లెక్క అడగకండి. ఆ ప్రశ్నకు వైద్యపరంగా ప్రయోజనం లేదు, ఆ ఇల్లాలికి కలిగే బాధ మాత్రం నిజం.

గ్లయోమా ఎంత తీవ్రమైనదన్నది తేల్చేది కూడా ఆ కణితి జన్యువులే. పూర్వం సూక్ష్మదర్శినిలో చూసి 1 నుంచి 4 దాకా గ్రేడు వేసేవారు. 2008లో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు బయటపడింది. చూడటానికి ఒకేలా ఉన్న రెండు కణితుల్లో ఆ మార్పు ఉన్నవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నారని తెలిసింది. 2016లోనూ, మళ్ళీ 2021లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ కణితుల వర్గీకరణను మార్చి జన్యువులకు పెద్దపీట వేసింది. ఇప్పుడు పెద్దవాళ్ళలో ఐడీహెచ్ మార్పు ఉన్న కణితిని గ్లయోబ్లాస్టోమా అనరు. ఆ మార్పు లేకుండా మరికొన్ని నిర్దిష్టమైన జన్యు లక్షణాలుంటే, పైకి సాధువుగా కనిపించినా గ్లయోబ్లాస్టోమాగానే లెక్క. 1వ క్రోమోజోములో ఒక చేయీ, 19వ దానిలో ఒక చేయీ రెండూ పోయిన ఐడీహెచ్ రకానికి మందులు బాగా పనిచేస్తాయి.

చికిత్స కూడా వీటి మీదే ఆధారపడుతుంది. 2005లో గ్లయోబ్లాస్టోమాకు రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ అనే మందు ఇచ్చి చూశారు. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో రెండేళ్ళు దాటినవాళ్ళు నూటికి 10 మంది, మందు కూడా తీసుకున్నవాళ్ళలో 26 మంది. ఎంజీఎంటీ అనే జన్యువు నోరు మూతపడి ఉన్న కణితుల్లో ఈ మందు బాగా పనిచేసింది. ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడు 2 కణితులకు వొరాసిడెనిబ్ అనే మాత్రకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెదడులో పుట్టే లింఫోమా అనే మరో రకానికి ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న మందు అది. ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకోవలసిన మాట.

ఇంతవరకు విని మా మెట్ల దగ్గరి మిత్రుడు జేబులోంచి లైటరు తీస్తాడు. ఆగమని మనవి. వలస వచ్చే కణితుల కథ ఇంకా చెప్పలేదు.

మెదడుకు వలస వచ్చే క్యాన్సర్లను ఎక్కువగా పంపించేది ఊపిరితిత్తులు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ప్రథమ కారణం పొగ. అందులో స్మాల్ సెల్ అనే రకం దాదాపుగా పొగతాగేవాళ్ళకే వస్తుంది. దానిలో పి53, ఆర్‌బీ1 అనే రెండు బ్రేకు జన్యువులూ ఇంచుమించు ప్రతి రోగిలోనూ తెగిపోయి ఉంటాయి. రెండు బ్రేకులూ లేని లారీ ఘాట్ రోడ్డు దిగినట్టు దూసుకుపోతుంది. రోగం బయటపడేనాటికే కనీసం పదిమందిలో ఒకరికి మెదడుకు చేరి ఉంటుంది. పొగ తాగేవాడికి మెదడులో కణితి వచ్చే అసలు దారి ఇది. ముక్కు నుంచి మెదడుకు కాదు, ఊపిరితిత్తుల నుంచి మెదడుకు.

మిగతా రకాల్లోనూ పొగ తన గుర్తు వదులుతుంది. పొగతాగేవాళ్ళ కణితుల్లో కేరాస్ అనే జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పు ఎక్కువ. ఎన్నడూ తాగనివాళ్ళలో, ముఖ్యంగా మన ఆసియావాళ్ళలో, ఈజీఎఫ్ఆర్, ఆల్క్ అనే జన్యువుల మార్పులు ఎక్కువ. ఇవీ మెదడుకు వెళతాయి, తక్కువేమీ కాదు. కానీ వీటికి గురిచూసి కొట్టే మాత్రలున్నాయి, ఒసిమెర్టినిబ్ వంటివి మెదడులోకి కూడా బాగా చేరతాయి. కేరాస్ మార్పుకు మొదటి మందు 2021లోగాని రాలేదు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మార్పులు ఎక్కువున్న కణితుల్ని మన రోగనిరోధక శక్తి తేలిగ్గా పోల్చుకుంటుంది కాబట్టి, ఇమ్యునోథెరపీ పొగతాగినవాళ్ళలో కొందరికి బాగానే పనిచేస్తుంది. అది వైద్యం సాధించిన విజయం, సిగరెట్టుకిచ్చే యోగ్యతాపత్రం కాదు. ఎర్లోటినిబ్ అనే మాత్ర వేసుకుంటూ పొగ తాగితే, కాలేయం ఆ మందును త్వరగా కరిగించేసి రక్తంలో మోతాదు బాగా పడిపోతుంది. రోగమూ పొగదే, మందుకు అడ్డమూ పొగే.

కణితి సంగతి అలా ఉంచినా మెదడుకు పొగ చేసే చేటు మరొకటుంది. మెదడు రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే పక్షవాతానికీ, నాళం ఉబ్బి పగిలి మెదడు చుట్టూ రక్తం కమ్మే ప్రమాదానికీ పొగ రుజువైన కారణం. కాబట్టి "మెదడుకు ఫరవాలేదు" అన్న మాట ఏ విధంగా చూసినా నిలవదు.

ఇక మన సంగతి. పొగాకు మనకు పరాయిది కాదు. గుంటూరులో పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది, రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రం 1947లో ఏర్పడింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళలో పొగాకు బ్యారన్ల ఆదాయంతో ఫీజులు కట్టుకుని చదివినవాళ్ళు ఈ హాలులోనూ ఉంటారు. ఆ రైతుల కష్టం మీద నాకు గౌరవమే. పంట మీద వచ్చిన డబ్బు మన చదువైంది. ఆ చదువు చెబుతున్నదాన్ని వినడం మన బాధ్యత.

ఒమాన్ ప్రభుత్వం తన వంతు చేసింది. 2005లో పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. 2019 జూన్‌లో పొగాకు మీద నూటికి నూరు శాతం ప్రత్యేక పన్ను వేసింది. కానీ పన్ను వేస్తే పోయేది కాదు ఒంటరితనం. కుటుంబాన్ని ఊళ్ళో వదిలి ఘాలాలోనో రుసైల్‌లోనో క్యాంపు గదిలో ఆరుగురితో ఉండే తమ్ముడికి డ్యూటీ దిగాక కరక్ చాయ్, సిగరెట్టే కాలక్షేపం. కుర్రకారుకు సముద్రపు ఒడ్డున షీషా. నీళ్ళలోంచి వస్తుంది కాబట్టి హాని లేదనుకుంటారు. గంటసేపు షీషా పీలిస్తే ఒక సిగరెట్టు కంటే 100 నుంచి 200 రెట్లు ఎక్కువ పొగ లోపలికి పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

మానేస్తే ఏమిటి లాభం, పోయిన అక్షరాలు తిరిగి వస్తాయా అని అడగవచ్చు. పోయినవి రావు. కానీ 2020లో ఇంగ్లండులో ఒక అద్భుతమైన సంగతి కనిపెట్టారు. పొగ మానేసినవాళ్ళ శ్వాసనాళాల్లో 20 నుంచి 40 శాతం కణాలు, ఎన్నడూ తాగనివాళ్ళ కణాల్లా, పెద్దగా మచ్చలేకుండా ఉన్నాయి. ఎక్కడో దాగిన మంచి కణాలు దాడి ఆగిపోగానే పెరిగి ఖాళీలు నింపుతున్నాయన్నమాట. మానేసిన పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. రోగం వచ్చాక మానినా ఆలస్యం కాదు. మాస్కోలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 517 మంది పొగతాగేవాళ్ళను గమనిస్తే, రోగం తెలిశాక మానేసినవాళ్ళు మధ్యస్థంగా 6.6 ఏళ్ళు, మాననివాళ్ళు 4.8 ఏళ్ళు బతికారని 2021లో ప్రచురించారు.

చివరగా గల్ఫులో ఉన్న మనవాళ్ళకు ప్రత్యేకంగా మూడు మాటలు.

మొదటిది. తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, పెద్దవయసులో మొదటిసారి ఫిట్సు, ఒక వైపు చేయీ కాలూ బలహీనపడటం, మాట తడబడటం - వీటిలో ఏదొచ్చినా "వచ్చే లీవులో ఊరెళ్ళి చూపించుకుంటాలే" అని వాయిదా వేయవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మస్కట్‌లో ఖౌలా ఆసుపత్రి వంటి చోట్ల మెదడు శస్త్రచికిత్స చేసే నిపుణులున్నారు.

రెండోది. ఇక్కడ ఆపరేషన్ అయి, మిగతా వైద్యానికి హైదరాబాదో విశాఖో వెళ్ళేవాళ్ళు డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకండి. స్కాన్ల సీడీ, బయాప్సీ స్లైడ్లు, మైనంలో భద్రపరచిన కణితి ముక్క - అంటే బ్లాకు - అడిగి తీసుకువెళ్ళండి. జన్యు పరీక్షలు చేసేది ఆ ముక్క మీదే. రిపోర్టులో గ్రేడు ఒక్కటే ఉందా, ఐడీహెచ్, ఎంజీఎంటీ వివరాలున్నాయా అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. ఊపిరితిత్తుల నుంచి వచ్చినదైతే ఈజీఎఫ్ఆర్, ఆల్క్ పరీక్షలు జరిగాయా అని అడగండి. రోగి తాగేవాడైనా ఆ పరీక్షలు అవసరమే.

మూడోది. పొగ మానాలనుకునే తమ్ముళ్ళను ఎగతాళి చేయకండి. నికోటిన్ బిళ్ళలు, పట్టీలు, డాక్టరు సలహా అన్నీ ఉన్నాయి. చాలామందికి ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నిస్తేగాని పట్టుబడదు. సాయంత్రం ఏడు గంటలకు చేతిలోకి సిగరెట్టు వచ్చే వేళకు ఒక మిత్రుడు ఫోను చేసి "అన్నా, బయటికి నడుద్దాం రా" అంటే అదీ వైద్యమే. మన సంఘాలు పండగలకు ఎంత బాగా కలుస్తాయో, ఈ పనికీ అంత బాగా కలవగలవు. ప్రతి ఊళ్ళోనూ పదిమంది పేర్లు ఇస్తే, క్యాంపులకు వెళ్ళి మాట్లాడటానికి శుక్రవారాలు నేనూ వస్తాను. పేర్లు రాసుకునే కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది.

వంటలు సిద్ధమని సైగ వచ్చింది. సెలవు.